పెరటి కుళాయికి ఎంత లావు గొట్టము వేయవలెను?

(వ్రాసినవారు: మండల వ్యవసాయాధికారి, బి.యస్‌సి., వ్యవసాయము)

ఇంటి వెనుక ఒకటి, పశువుల కొట్టము దగ్గర ఒకటి, కూరగాయల మడి దగ్గర ఒకటి కుళాయి పెట్టుకొనుట ఈనాడు పల్లెలలో సామాన్యమైనది. కుళాయి అన్నను, తెలంగాణ జిల్లాలలో నల్లా అన్నను వస్తువు ఒక్కటే. డాబా మీద తొట్టి కట్టించినారు, మోటారు పెట్టించినారు, గొట్టము పరపించినారు. తీరా కొట్టము దగ్గర కుళాయి త్రిప్పి చూడగా చిటికెనవ్రేలంత ధార వచ్చుచున్నది. ఇంటిదగ్గర మరియొకరు కుళాయి త్రిప్పినచో ఆ ధార కూడ ఆగిపోవుచున్నది. చివరకు ఇంటి ఇల్లాలు వంటింటి ప్రక్కన బిందె పట్టి కొట్టమునకు మోయుట మామూలే అగుచున్నది. డబ్బు ఖర్చయినది గాని మోత తప్పలేదు.

ఇట్టి చోట్ల తప్పు మోటారుది కాదు, తొట్టిది కాదు, కుళాయిది అంతకంటె కాదు. సాధారణముగా తప్పు గొట్టము లావులో నుండును. గొట్టమును ఒకసారి భూమిలో పూడ్చిన తరువాత త్రవ్వి మార్చుట కష్టము. కాబట్టి కొనుటకు ముందే నాలుగు అంకెలు వేసి చూచుకొనవలెను. ఈ లెక్కకు పెద్ద చదువు అక్కరలేదు. టేపు ఒకటి, బకెట్టు ఒకటి, గడియారము ఒకటి ఉన్నచో చాలును.

ఎంత నీరు కావలెను?

మొదట అవసరము తేల్చుకొనవలెను. పాలిచ్చు గేదె వేసవిలో రోజుకు త్రాగుటకే సుమారు 60 లీటర్ల నీరు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు కోరును. గేదెలు రెండున్నచో త్రాగుటకు 120 లీటర్లు. వాటిని కడుగుటకు, కొట్టము శుభ్రము చేయుటకు మరొక 130 లీటర్లు వేసికొందము. మొత్తము 250 అయినది.

ఇక కూరగాయల మడి. ఒక చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు ఎత్తు నీరు పెట్టిన అది సరిగా ఒక లీటరు అగును. ఎండకాలములో కూరమడికి రోజుకు 5 మిల్లీమీటర్ల చొప్పున లెక్క వేయవచ్చును. సెంటు నేల అనగా సుమారు 40 చదరపు మీటర్లు. కనుక సెంటుకు 200 లీటర్లు, రెండు సెంట్లకు 400 లీటర్లు కావలెను. గేదెలకు, మడికి కలిపి రోజుకు 650 లీటర్లు.

ఈ 650 లీటర్లు ఎంతసేపట్లో రావలెను అనునది అసలు ప్రశ్న. నిమిషమునకు తొమ్మిది లీటర్ల లోపు వచ్చు ధారతో గంటా పావు పట్టును. నిమిషమునకు 24 లీటర్లు వచ్చినచో అరగంట లోపల పని ముగియును. ప్రతిదినము ఇంటివారి చేతిలో మిగులు ముప్పావు గంట చిన్న విషయము కాదు.

పల్లెలకు వచ్చు రక్షిత మంచినీటి సంగతి వేరు. 2019 ఆగస్టులో ప్రారంభమైన జల జీవన్ మిషన్ లక్ష్యము మనిషికి రోజుకు 55 లీటర్లు. అయిదుగురున్న ఇంటికి అది 275 లీటర్లు. ఆ నీరు మనుష్యుల అవసరములకే. పశువులకు, మడికి సొంత బావి నుండియో బోరు నుండియో ఏర్పాటు చేసికొనవలెను. మంచినీటి కనెక్షనుకు నేరుగా మోటారు తగిలించి నీరు లాగుట ఎన్నడును చేయరాదు. పొరుగింటి వాటా తగ్గిపోవుటయే గాక, గొట్టము చుట్టునున్న మురుగు అతుకుల సందులనుండి లోనికి పీల్చబడును.

ఒత్తిడి ఎక్కడినుండి వచ్చును?

డాబా మీది తొట్టినుండి నీరు క్రిందికి వచ్చునప్పుడు దానిని త్రోయునది ఎత్తు ఒక్కటే. పది మీటర్ల ఎత్తు నుండి దిగిన నీటికి చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు ఒక కిలోగ్రాము ఒత్తిడి ఉండును. మన ఇండ్లలో అంత ఎత్తు ఎక్కడిది? ఒక అంతస్తు డాబా పది అడుగులు, తొట్టి క్రింది దిమ్మె రెండడుగులు, కలిపి పన్నెండు. కుళాయి నేలనుండి రెండడుగుల ఎత్తున ఉన్నది. తీసివేయగా పది అడుగులు, అనగా సుమారు మూడు మీటర్లు మాత్రమే. ఇదియే మన మూలధనము. దీనికి మించి ఖర్చు పెట్టుటకు వీలులేదు.

కొలుచునప్పుడు తొట్టి అడుగునుండి కుళాయి వరకు నిలువుగా కొలువవలెను. నిండుతొట్టి నీటిమట్టమునుండి కొలిచిన, తొట్టి సగమైన వేళకు లెక్క తప్పును. పెరడు ఇంటికంటె పల్లములో ఉన్న ఆ పల్లమును కలుపుకొనవచ్చును. మెరకగా ఉన్న తీసివేయవలెను.

తొట్టి పెద్దదైన ఒత్తిడి పెరుగునని కొందరు తలంతురు. 500 లీటర్ల తొట్టిని తీసి 1,000 లీటర్ల తొట్టి పెట్టిన నీరు ఎక్కువసేపు వచ్చును గాని జోరుగా రాదు. ఒత్తిడికి కావలసినది ఎత్తు, వెడల్పు కాదు.

రాపిడి అను సుంకము

కుళాయి కట్టి ఉన్నంతసేపు సన్న గొట్టములోను, లావు గొట్టములోను ఒత్తిడి ఒక్కటే. నీరు కదలుట మొదలుపెట్టగానే గొట్టము గోడలతో రాపిడి కలుగును. ప్రతి మీటరు దూరమునకు నీరు కొంత ఎత్తును సుంకముగా చెల్లించుచు పోవలెను. దూరము రెట్టింపైన సుంకము రెట్టింపగును. నీరు రెట్టింపు కోరిన సుంకము మూడున్నర రెట్లు దాటును. కాని గొట్టము లోపలి కొలత సగమైనచో సుంకము దాదాపు ముప్పది రెట్లగును. గొట్టము లావు విషయమై ఇంత పట్టుదల దీనివలననే.

గొట్టము సన్నగిల్లిన నీరు జోరుగా చిమ్మును గదా, అప్పుడు సన్నగొట్టమే మంచిది గదా అని కొందరడుగుదురు. రబ్బరు గొట్టము కొసను బొటనవ్రేలితో నొక్కినప్పుడు ధార దూరము పోవుట అందరము చూచినదే. అట్లు నొక్కి బకెట్టు నింపి చూడుడు, నొక్కకుండ నింపి చూడుడు. నొక్కినప్పుడు బకెట్టు నిండుటకు ఎక్కువసేపు పట్టును. పైగా వ్రేలు నొక్కునది కొసన అంగుళము మేర మాత్రమే. సన్నగొట్టము నూరడుగుల పొడవునను నొక్కుచునే యుండును. కొసకు చేరునప్పటికి నీటిలో జోరు మిగులదు.

ఏ గొట్టములో ఎంత నీరు?

ఎత్తు మూడు మీటర్లు, గొట్టము పొడవు 30 మీటర్లు, అనగా నూరడుగులు అనుకొందము. కుళాయి తనవంతుగా కొంత ఒత్తిడిని తినును. దానికి ఒక మీటరు విడిచిపెట్టి మిగిలిన రెండు మీటర్లు రాపిడికి కేటాయించి, 1905 లో వెలువడిన హేజెన్-విలియమ్స్ సూత్రము ప్రకారము కట్టిన లెక్క ఇది. నునుపైన క్రొత్త ప్లాస్టిక్ గొట్టము, లోపలి అడ్డుకొలత:

15 మి.మీ. (అరంగుళము) — నిమిషమునకు సుమారు 9 లీటర్లు
20 మి.మీ. (ముప్పావు అంగుళము) — సుమారు 18 లీటర్లు
25 మి.మీ. (అంగుళము) — సుమారు 33 లీటర్లు
32 మి.మీ. (అంగుళంపావు) — 60 లీటర్లకు పైగా

అరంగుళము నుండి ముప్పావుకు పోయిన నీరు రెట్టింపగుట గమనింపుడు. అరంగుళపు గొట్టములు నాలుగు ప్రక్కప్రక్కన పరచిన గాని అంగుళపు గొట్టము ఒక్కటి తెచ్చునంత నీరు రాదు.

గొట్టము మార్చుటకు బదులు తొట్టిని ఎత్తుచేసిన చాలదా? తొట్టిని మరొక మీటరు పైకెత్తినచో అరంగుళపు గొట్టములో 9 లీటర్లకు బదులు 11 లీటర్లు వచ్చును. ఆ రెండు లీటర్లకై నిండినప్పుడు టన్ను బరువు తూగు తొట్టి క్రింద క్రొత్త స్తంభములు లేపవలెను. దానికంటె ముప్పావు అంగుళపు గొట్టము కొనుట చౌక, క్షేమము, ఫలితమును రెట్టింపు.

పై అంకెలు గొట్టము కొసకు తేగల నీటివి. ఇంత తక్కువ ఒత్తిడిలో అరంగుళపు కుళాయి ఒక్కటి వదలునది నిమిషమునకు 15 లీటర్ల ప్రాంతమే. అందుచేత అంగుళపు గొట్టము మీద రెండు అరంగుళపు కుళాయిలు పెట్టి ఒకేసారి త్రిప్పినను ఒకదాని నీటిని రెండవది లాగికొనదు. ఒకే కుళాయితో ఎక్కువ నీరు కావలెనన్న కుళాయి కూడ ముప్పావు అంగుళముది పెట్టుకొనవలెను.

ఒక ఇంటి లెక్క

ఒక ఉదాహరణ చూతము. డాబా తొట్టినుండి కొట్టము వరకు 30 మీటర్లు. కొట్టము దగ్గర నీళ్ళతొట్టికి ఒక కుళాయి, ప్రక్కనే కూరమడికి మరొకటి. ఉదయము రెండును ఒకేసారి త్రిప్పుదురు. ఒక్కొక్కదానికి నిమిషమునకు 12 లీటర్లు చాలును. మొత్తము 24 లీటర్లు.

దారిలో ఎల్బోలు అయిదు, వాల్వు ఒకటి ఉన్నవి. ఎల్బో దగ్గర నీరు తిరుగుటకు పట్టు సుంకము అంగుళపు గొట్టములో ముప్పావు మీటరు పొడవుతో సమానము. అన్నిటికి కలిపి అయిదు మీటర్లు చేర్చి, పొడవు 35 మీటర్లని లెక్క పెట్టవలెను.

అరంగుళపు గొట్టములో ఈ నీరు పోవుటకు 15 మీటర్ల ఎత్తు కావలెను. మనకున్నది మూడు. ముప్పావు అంగుళపు గొట్టమునకు సుమారు 3.8 మీటర్లు కావలెను. అదియు చాలదు. అంగుళపు గొట్టమునకు 1.3 మీటర్లు చాలును. ఇంకను 1.7 మీటర్లు కుళాయిలకు మిగులును. కావున ఈ ఇంటికి అంగుళపు గొట్టము తగినది.

అదే కొట్టము 60 మీటర్ల దూరములో ఉన్నచో అంగుళపు గొట్టములోనే 2.4 మీటర్లు పోయి కుళాయికి మిగులునది స్వల్పము. అక్కడ అంగుళంపావు వేయవలెను. అప్పుడు పోవునది 0.7 మీటరు మాత్రమే. కొట్టము ఇంటికి ఆనుకొని అయిదారు మీటర్లలోనే ఉండి, ఒక్క కుళాయి చాలునన్న, అరంగుళము కూడ పనికివచ్చును. అక్కడ లావు గొట్టము వేయుట దండుగ. కావున పొరుగువారు ఏది వేసిరో అదియే వేయుట సరికాదు. ఎవరి ఎత్తు, ఎవరి దూరము, ఎవరి అవసరము వారిదే.

ఇందులో మరువరాని సూత్రము ఒకటి కలదు. దూరమంతయు లావు గొట్టము పోవలెను. కొసన కుళాయికి లేచు రెండడుగుల మేర మాత్రము సన్నది ఉండవచ్చును. కొందరు తొట్టి దగ్గర అరంగుళము పెట్టి, మధ్యలో అంగుళము పరచి, కొసన ముప్పావు కుళాయి బిగించుదురు. తొట్టికి పెట్టిన రంధ్రము, దాని వాల్వు, దిగు గొట్టము మొదటినుండి లావుగా నుండకపోయిన తరువాత పెట్టిన ఖర్చు పూర్తి ఫలమియ్యదు.

అంగడిలో జాగ్రత్త

"25 ఎం.ఎం. పైపు ఇమ్ము" అని అడిగిన అంగడిలో రెండు మూడు రకములు చూపుదురు. ఇనుప గొట్టములకు, అంగుళముల లెక్కన అమ్ము ఇంటి గొట్టములకు ఆ పేరు సుమారుగా లోపలి కొలతను చెప్పును. వ్యవసాయమునకు వాడు పి.వి.సి. గొట్టములకు, నల్లని హెచ్.డి.పి.ఇ. గొట్టములకు అది బయటి కొలత. బయట 25 మి.మీ. ఉన్న నల్లగొట్టము లోపల 20 మి.మీ. ప్రాంతమే ఉండును. అంగుళము అనుకొని ముప్పావు కొన్నట్లగును.

వేడినీటికి తగిన సి.పి.వి.సి. గొట్టములలో కన్నము ఇంకను చిన్నది. అరంగుళమని అమ్మునది లోపల పన్నెండున్నర మి.మీ. ప్రాంతము. 15 మి.మీ. గొట్టముతో పోల్చిన దీనిలో రాపిడి రెండింతలకు పైమాట. పెరటిలో చన్నీటికి ఈ గొట్టము అక్కరలేదు. ఏ గొట్టమైనను కొనుటకు ముందు చివర స్కేలు పెట్టి కన్నమును కొలిచి చూడవలెను. పేరును నమ్మరాదు. గొట్టము మీద ఐ.యస్.ఐ. గుర్తును కూడ చూచుకొనవలెను.

గొట్టము ధరలో తేడా కొంత ఉండును. కాని కాలువ త్రవ్వు కూలి, అతుకు కూలి, పూడ్చు కూలి అరంగుళమునకైనను అంగుళమునకైనను ఒక్కటే. రెండు కొలతల నడుమ సందేహము కలిగిన పెద్దదానిని తీసికొనుటయే మేలు.

పాత గొట్టము ఉన్నవారు

ఇదివరకే సన్నగొట్టము పూడ్చినవారు తొందరపడి త్రవ్వనక్కరలేదు. ముందు పరీక్ష చేయవలెను. తొట్టి దిగువన, దగ్గరి కుళాయిలో బకెట్టు నిండుటకు పట్టు కాలమును చూచి, తరువాత కొస కుళాయిలో చూడవలెను. రెండు చోట్లను మందముగా వచ్చిన తొట్టి దగ్గర అడ్డు ఉన్నదని అర్థము. వాల్వును, తొట్టి అడుగున చేరిన మడ్డిని చూడవలెను. దగ్గర బాగుగా వచ్చి కొసన రానిచో లోపము దారిలోని గొట్టముది.

పాత ఇనుప గొట్టములలో త్రుప్పు, ఉప్పునీటి బోరు ఉన్నచోట సుద్ద లోపల పేరుకొనును. 20 మి.మీ. గొట్టములో చుట్టును రెండున్నర మి.మీ. పేరుకొన్న కన్నము 15 మి.మీ. అయి, రాపిడి నాలుగు రెట్లగును. అట్టి గొట్టము మార్చవలసినదే.

గొట్టము బాగుండి సన్ననైనది మాత్రమే అయినచో చౌకైన ఉపాయము కలదు. కొట్టము దగ్గర 500 లీటర్ల సిమెంటు తొట్టి ఒకటి కట్టి, దానికి ఫ్లోటు వాల్వు పెట్టవలెను. సన్నగొట్టమైనను రాత్రి తెల్లవార్లు నడచిన ఆ తొట్టిని సులభముగా నింపును. నిండగానే వాల్వు తానే కట్టుకొనును. ఉదయము పశువులకు తొట్టిలోనే నీరు సిద్ధముగా నుండును. గొట్టము ఇయ్యలేని తొందరను నిలువ ఇచ్చును.

గొట్టము వేయునప్పుడు

1. గొట్టము తొట్టినుండి కుళాయి వరకు ఎడతెగక పల్లముగా సాగవలెను. ద్వారబంధము మీదుగా ఎక్కించి దించినచో ఆ మూపుమీద గాలి నిలిచి నీటిని ఆపును. దీనినే గాలి పట్టుట అందురు. మోటారు ఒత్తిడి ఉన్నచోట ఆ గాలి కొట్టుకొనిపోవును. మూడు మీటర్ల ఎత్తులో పోదు.

2. తొట్టి క్రింది వాల్వునకు దిగువన ఒక సన్న గొట్టమును తొట్టి అంచుకంటె పైకి లేపి నోరు తెరచి ఉంచిన గాలి అందుండి పోవును.

3. దారిలో పెట్టు వాల్వు గేటు వాల్వో, బాల్ వాల్వో కావలెను. కుళాయివలె లోపల మెలిక తిరిగిన వాల్వు ఒక్కటి అంగుళపు గొట్టములో ఎనిమిది మీటర్ల పొడవుకు సమానమైన సుంకము వసూలు చేయును.

4. పి.వి.సి. గొట్టము ఎండకు పెళుసగును. అడుగున్నర నుండి రెండడుగుల లోతున పూడ్చవలెను. ట్రాక్టరు, బండి దాటు చోట మరింత లోతున, లావు గొట్టము తొడుగులో నుండి పోనీయవలెను.

5. కుళాయికి లేచు గొట్టమును రాతి స్తంభమునకో సిమెంటు దిమ్మెకో బిగించవలెను. పశువు ఒరసికొనిన విరుగును. కుళాయి క్రింద కారు నీటిని అరటికో, కొబ్బరికో, కరివేపకో మళ్ళించిన బురద ఉండదు, దోమ చేరదు.

మందు డ్రమ్ములో గొట్టము ముంచరాదు

పెరటి కుళాయి వచ్చిన తరువాత పురుగుమందు కలుపు డ్రమ్మును, స్ప్రేయరును అక్కడనే నింపుట అలవాటగును. రబ్బరు గొట్టము కొస మందునీటిలో మునిగి, కుళాయి తెరచియున్న వేళ తొట్టి ఖాళీ అయినదనుకొనుడు. ఇంటిలో పల్లమున ఉన్న మరియొక కుళాయి త్రిప్పగానే గొట్టములోని నీరు అటు జారుచు మందునీటిని వెనుకకు పీల్చును. ఆ కుళాయి క్రింద బిందె పట్టువారికి ఇది తెలియదు. గొట్టము ఎంత లావుదైనను ఈ ప్రమాదము తప్పదు.

దీనికి ఖర్చులేని మందు ఒకటే. గొట్టము కొసకు, డ్రమ్ములోని నీటికి నడుమ జానెడు ఖాళీ ఎప్పుడును ఉండవలెను. పశువుల నీళ్ళతొట్టికి కూడ కుళాయిని తొట్టి అంచుకు పైననే పెట్టవలెను. మందు కలుపుటకు నీటిని బకెట్టుతో తీసికొనిపోయి కుళాయికి దూరముగా కలుపుట అన్నిటికంటె మేలు.

సోదర సోదరీమణులారా, గొట్టము కొనుటకు అంగడికి పోవుటకు ముందు ఒక కాగితము మీద నాలుగు అంకెలు వ్రాసికొనుడు: తొట్టి అడుగునుండి కుళాయికి ఎత్తు ఎంత, దారి పొడవు ఎంత, ఎల్బోలు ఎన్ని, ఒకేసారి త్రిప్పు కుళాయిలు ఎన్ని. ఆ కాగితమును చేత పట్టుకొని పైలెక్కతో సరిచూచి గొట్టమును ఎన్నుకొనుడు. భూమిలో పూడ్చిన గొట్టము ఏండ్ల తరబడి ఇంటికి నీరు తేవలెను. ఈ ఒక్కపూట లెక్క అన్ని ఏండ్లును బిందెల మోతను తప్పించును.